పరదా చాటున స్పీడు పెంచిన కంప్యూటర్

పెళ్ళయిన పూటే ఫోన్‌లో వీడియో కట్ చేసి, పాట అతికించి, చుట్టపక్కాలందరికీ పంపేసే పిల్లలకు నేను చేసిన ఉద్యోగం గురించి చెబితే నవ్వొస్తుంది. నవ్వండి, నాకేం నష్టం లేదు. మాది షట్టర్ లేని దుకాణం, బోర్డు కూడా ఉండేది కాదు. కిషన్‌బాగ్‌లో మేం అద్దెకున్న పాత ఇంట్లో, ముందు గదికీ వంటింటికీ నడుమ ఉన్న చిన్న గదిలో కూర్చుని, చాలా ఏళ్ళు పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేశాను. అవి కూడా ఆడవాళ్ళ వైపు తీసినవి మాత్రమే.

పాతబస్తీ పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఆడవాళ్ళ వైపును జనానా అంటారు. కట్టుబాటు గల ఇళ్ళలో అక్కడ కెమెరా పట్టేది ఆడమనిషే. మరి కాసెట్ బయటికొచ్చాక ఏం చేయాలి? దాన్ని కోసి, కుట్టి, పాటలు పెట్టేవాడు మగవాడైతే జనానాకు పరదా కట్టి ఏం లాభం? ఈ ప్రశ్నే నాకు అన్నం పెట్టింది. కెమెరా నుంచి డిస్కు దాకా ఒక్క మగాడి కంట పడకుండా వీడియో చేసిస్తామని మాటిచ్చినవాళ్ళం అప్పట్లో మా వైపు మేమిద్దరమే ఉండేవాళ్ళం, నేనూ ఆపా.

ఆపా అంటే అక్క. వయసులో నాకన్నా బాగా పెద్దది. బురఖా మీద కెమెరా బ్యాగు తగిలించుకుని, బహదూర్‌పురా నుంచి దబీర్‌పురా దాకా ఏ షాదీఖానాలో పెళ్ళయినా ముందు తనే దిగేది. పెళ్ళిళ్ళు లేని నెలల్లో మెహెందీ పెట్టేది. నేనప్పుడు శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో టైపు చేసేదాన్ని. కార్డు కోసం వచ్చి, నేను కంప్యూటర్ ముందు కూర్చోవడం చూసి, వీడియో కూడా చేస్తావా అని అడిగింది. చేస్తానన్నాను. అప్పటికి నాకు రాదు. తర్వాత నేర్చుకున్నాను. నీళ్ళలో దిగితేగాని ఈత రాదని మా అమ్మ అంటుండేది.

నా కంప్యూటర్‌ను మా గల్లీ చివర దుకాణం పెట్టుకున్న భాయ్ బిగించి ఇచ్చాడు. అందరూ అతన్ని కంప్యూటర్ భాయ్ అనేవాళ్ళు. ఆ మిషన్ రెండేళ్ళు నిమ్మళంగా పనిచేసింది. తర్వాత పూలు రాలడాలు, గుండెలు విచ్చుకోవడాలు, పెళ్ళికూతురు చంద్రుడిలోంచి బయటికి రావడాలు ఫ్యాషనయ్యాయి. ఒక్కో పువ్వు రాలడానికి నా కంప్యూటర్ ఆయాసపడేది. కొత్తది కొనే తాహతు మాకు లేదు, అందుకని దాన్నే బతిమాలుకుంటూ నడిపించేదాన్ని.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. అది నడి ఎండాకాలంలో జరిగిన పెళ్ళి. పెళ్ళికూతురి తల్లి ఆపాకు పాత పరిచయం. ఆమె పుట్టిల్లు పాలమూరు వైపు, అందుకని తెలుగు మనలాగే మాట్లాడేది. పెళ్ళి రాత్రి ఆపా ఆ ఇంట్లోనే భద్రంగా ఉంచిన కాసెట్లు మర్నాడు తీసుకుందామని వెళితే, ఆమె ఇంకా గిన్నెలు లెక్క చూసుకుంటోంది. మమ్మల్ని కూర్చోబెట్టి, తను మాత్రం నిలబడే ఉంది.

"బేటీ, నా బిడ్డ పెండ్లి నేను జూడలే" అంది. "ఖుబూల్ అన్నప్పుడు దస్తర్‌ఖాన్ కాడ ఉన్న. దావత్ కొచ్చినోళ్ళకు బగారా సాలుతదా లేదా అని దేగ్‌లు మోపిస్తున్న. విదాయి అప్పుడు పెండ్లికొడుకు మేనత్త అలిగి కూసుంటే ఆమెను బతిలాడుతున్న. అందరు జూసిన్రు, నేనొక్కదాన్నే జూడలే. జుమాగీ నాడు కూసోని చూస్త."

ఖుబూల్ అంటే నిఖాలో పెళ్ళికి ఒప్పుకున్నానని పెళ్ళికూతురు పలికే మాట, విదాయి అంటే అప్పగింతలు. జుమాగీ అంటే పెళ్ళి తర్వాత వచ్చే శుక్రవారాల విందు. అల్లుడినీ బిడ్డనూ పుట్టింటికి పిలిచి భోజనాలు పెడతారు. మొదటి జుమాగీ నాడు ఆడవాళ్ళంతా ఓ గదిలో చేరి పెళ్ళి వీడియో చూడడం అప్పట్లో పెద్ద ముచ్చట. పెళ్ళి ఆదివారం జరిగింది, శుక్రవారానికి డిస్కులు కావాలి. సరేనన్నాను.

అక్కడే ఇంకో మనిషి ఉన్నాడు. మగవాళ్ళ వైపు వీడియో తీసిన స్టూడియో ఓనరు, బజారులో పెద్ద పేరున్నవాడు. అతను గుమ్మం బయట కుర్చీలో కూర్చుని, లోపలి మాటలన్నీ విని, ఇంటి కంప్యూటర్ మీద శుక్రవారానికి ఎట్లా అవుతుందమ్మా అని సానుభూతి చూపించాడు. ఆ కాసెట్లు కూడా తనకే ఇస్తే తన దగ్గరున్న పెద్ద మిషన్ల మీద రెండురోజుల్లో చేసి ఇస్తానని, తన దుకాణంలో ఒక లేడీ కూడా ఉందని చెప్పాడు. ఆ లేడీ ఫోన్లెత్తే అమ్మాయని ఆపాకు తెలుసు. పెళ్ళికూతురి తల్లికీ తెలుసు. ఆమె కాసెట్ల సంచి నా చేతిలో పెట్టింది. కానీ శుక్రవారం నాడు నా చేతులు ఖాళీగా ఉంటే ఆ సంచి ఎటు వెళుతుందో ముగ్గురికీ అర్థమైంది.

కాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాం, కోశాం, కుట్టాం. అంతవరకు బాగానే ఉంది. చివర్న రెండరింగ్ అని ఒకటుంటుంది. మనం కుట్టిన ముక్కలన్నిటినీ కంప్యూటర్ ఒక్కటిగా ఉడికించి డిస్కుకు ఎక్కేలా చేయడమన్నమాట. మూడు డిస్కుల పెళ్ళి అది. ఒక్కో డిస్కు ఉడకడం మొదలయ్యాక మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి ఉడకాలి. ఆ ఎండాకాలంలో మా వైపు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కరెంటు తీసేవాళ్ళు. రాత్రిళ్ళు ఇంటింటా కూలర్లు మొదలై ఓల్టేజి పడిపోయేది, నా యూపీఎస్ పిల్లికూనలా అరిచేది. రెండు కోతల నడుమ దొరికే సమయంలో ఒక్క డిస్కు కూడా పూర్తికాదని మొదటి ప్రయత్నంలోనే తేలింది. ఇంకా చిన్న ముక్కలు చేద్దామంటే అతికినచోట పాట తెగేది. జుమాగీలో కూర్చున్నవాళ్ళు వంట చెడినా ఊరుకుంటారుగాని పాట తెగితే ఊరుకోరు.

కంప్యూటర్ భాయ్ దగ్గరికి పరుగెత్తాను. అతను ఖాళీ సమయంలో తన సొంత కంప్యూటర్ మీద కారు రేసులు ఆడేవాడు. వాటికోసం ప్రాసెసర్ స్పీడు పెంచడం అతనికి అలవాటు. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని అతని నోటే మొదటిసారి విన్నాను. ప్రాసెసర్ ఒక కొలత ప్రకారం కొట్టుకుంటూ పనిచేస్తుందట. కంపెనీవాళ్ళు ఎందుకైనా మంచిదని ఆ కొలతను కాస్త తక్కువలో పెట్టి అమ్ముతారట. మనం దాన్ని కొద్దికొద్దిగా పైకి జరిపితే అదే ప్రాసెసర్ ఇంకా వేగంగా పరుగెడుతుందట. ఎక్కువ జరిపితే వేడెక్కి ఆగిపోతుంది, ఇంకా మొండికేస్తే హార్డ్‌డిస్కు మీద ఉన్నవి కూడా పాడవ్వొచ్చు.

మిషన్‌ను దుకాణానికి తెమ్మన్నాడు. ఆపా కుదరదంది. అయితే తనే ఇంటికొస్తానన్నాడు. అదీ కుదరదంది. ఆ కంప్యూటర్‌లో పెళ్ళికూతురు ఉంది, పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు ఉన్నారు, దుపట్టా జారిన వాళ్ళ మేనత్తలు ఉన్నారు. వాళ్ళ ముందు పరాయి మగాడెవరూ కూర్చోడని ఆపా మాటిచ్చింది.

"ఉత్త అక్షరాలే కనిపిస్తాయంట ఆపా, బొమ్మలేం రావంట" అన్నాను.

"అక్షరాల ఎన్క నా పిల్లలున్నరు" అంది ఆపా.

ఇక దాని మీద మాట్లాడేదేముంది. నాలుగు ఇళ్ళలో పరదాలు కట్టిన అనుభవం ఉన్న మనిషి కదా, ముందు గదికీ నా గదికీ మధ్య దుప్పటి కట్టేసింది. కంప్యూటర్ భాయ్ అటువైపు చాప మీద కూర్చున్నాడు, నేను ఇటువైపు. అతను చెప్పాలి, నేను చేయాలి, తెర మీద ఏముందో నేను గట్టిగా చదవాలి. ఓవర్‌క్లాకింగ్ నేర్చుకున్నవాళ్ళు లోకంలో చాలామందే ఉండొచ్చు. పరదా చాటున నేర్చుకున్నది మాత్రం నేనొక్కదాన్నేనని నా నమ్మకం.

కంప్యూటర్ మొదలవుతుండగానే డిలీట్ మీట నొక్కమన్నాడు. నీలం రంగు పేజీ వచ్చింది. అందులో ప్రాసెసర్ కొట్టుకునే కొలత వంద అని ఉంది. కొంచెం పెంచి చూడమన్నాడు. పెంచాను. కంప్యూటర్ మామూలుగా లేచింది. మళ్ళీ పెంచాను, మళ్ళీ లేచింది. ప్రతిసారీ ఒక చిన్న ముక్క రెండరింగ్ చేసి, ఆగకుండా సాగితేనే పైకి వెళ్ళమన్నాడు. నాకేమో హుషారెక్కింది. అతను చెప్పినదానికన్నా ఎక్కువ జరిపాను. తెర నల్లగా అయిపోయింది. ఎన్నిసార్లు మీట నొక్కినా చుక్క వెలుగు లేదు. చచ్చిపోయిందని కేకేశాను.

దుప్పటి అవతల కంప్యూటర్ భాయ్ నవ్వుతున్నాడు. "ఫికర్ చెయ్యకు భాభీ. ప్లగ్గు పీకు. బోర్డు మీద గుండ్రంగ గడియారం సెల్లు ఉంటది, అది తీసి జరసేపాగి మళ్ళ పెట్టు. మొత్తం మరిచిపోతది."

తీసి పెట్టాను. నిజంగానే అన్నీ మరిచిపోయి, పుట్టింటికొచ్చిన పిల్లలా బుద్ధిగా లేచింది. ఈసారి ఆశ తగ్గించుకుని, అతను చెప్పినచోటే ఆగాను. రెండరింగ్ గీత ఇదివరకు పాకేది, ఇప్పుడు నడక నేర్చింది. లెక్క వేస్తే రెండు కోతల నడుమ ఒక డిస్కు పడుతుంది. నేనూ ఆపా ఒకరి చేతులొకరం పట్టుకున్నాం.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి ఇంట్లో పరదా, పరదా ముందు కంప్యూటర్ భాయ్. సంగతంతా విన్నాడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్. డ్రైవర్లు దూకించకుండా ఇంజిన్‌కు స్పీడు గవర్నర్ కట్టి సీలు వేయడం ఆయన రోజువారీ పని.

"నేన్ దినాం సీలేసి స్పీడు కట్టేస్త. నువ్వు ఇంట్ల కూసోని సీలు తీస్తున్నవా" అన్నాడు. మళ్ళీ తనే, "తీస్తే తీసినవ్‌గని వేడి జూస్కో. ఇంజిన్ స్పీడుకు సావదు, వేడికే సస్తది" అన్నాడు.

ఆ మాట నేను అప్పుడు చెవిన పెట్టలేదు. గెలుపు కిక్కు అలాంటిది.

మర్నాడు గ్రాఫిక్స్ కార్డు పని పట్టాం. పూలూ చంద్రుడూ తెర మీద తడబడకుండా కదలాలంటే ఆ కార్డు కూడా చురుగ్గా ఉండాలి. దానికి కంప్యూటర్ భాయ్ ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉన్న ఫ్లాపీని దుప్పటి కింద నుంచి తోశాడు. అందులో ఒక గీత, గీత మీద ఒక బొడిపె. బొడిపెను కుడివైపు జరిపితే కార్డు వేగం పెరుగుతుంది. జరిపాను. పూలు చకచకా రాలాయి. ఇంకాస్త జరిపాను. పెళ్ళికూతురి ముఖం నిండా తళుకుతళుకుమని తెల్లని చుక్కలు లేచాయి. కార్డు ఇక చాలని చెప్పే గుర్తు అది. ఆపా మాత్రం తన్మయంగా చూస్తోంది.

"అఫ్షాన్ జల్లినట్టు ఎంత మంచిగున్నది. గట్లనే ఉంచు" అంది. అఫ్షాన్ అంటే పెళ్ళికూతురి నుదుటా చెంపలా అద్దే తళుకు పొడి.

అది కార్డు బాధతో పెడుతున్న కేక అని ఆపాకు నచ్చజెప్పి, బొడిపె వెనక్కి జరిపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అంతా కుదిరింది, ఇక రెండరింగ్ మొదలుపెట్టాం. మధ్యాహ్నం ఎండ ముదిరింది. మా గది రేకుల వరండా పక్కన ఉంటుంది. గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి ఇంకా ముందే ఆగింది. కంప్యూటర్ పెట్టె మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది.

మిగతా ఊళ్ళలో ఏం చేసేవాళ్ళో తెలియదుగాని, హైదరాబాదీలకు వేడికి మందు ఒకటే, కూలర్. పెట్టె పక్క రేకు విప్పి, ముందు గదిలోని కూలర్‌ను ఈడ్చుకొచ్చి, దాని మూతికి ఎదురుగా పెట్టాం. వట్టివేళ్ళ వాసనతో చల్లటి గాలి కంప్యూటర్ పేగుల్లోకి కొట్టింది. గీత మళ్ళీ నడిచింది. ఆ సంబరంలో ఆపా ఇంకాస్త చల్లగా ఉంటుందని కూలర్‌లో రెండు బకెట్ల నీళ్ళు పోసింది. నేనే తెచ్చిచ్చాను. తొట్టి నిండిన కూలర్ ఏం చేస్తుందో దాని ముందు పడుకున్న ప్రతివాడికీ తెలుసు, ముఖం మీద తుంపర్లు కొడుతుంది. మాకూ తెలుసు. తెలిసిన విషయం అవసరానికి గుర్తు రాకపోవడమే తలరాత. చిటుక్కుమని ఒక శబ్దం, తెర నల్లన. గ్రాఫిక్స్ కార్డు మీద నీటిబొట్లు ముత్యాల్లా కూర్చున్నాయి.

నేను ప్లగ్గు పీకి నేల మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పెళ్ళికూతురి తల్లి. స్టూడియో ఓనరు మళ్ళీ కబురు పెట్టాడట, మర్నాడు మనిషిని పంపిస్తాడట, కాసెట్లు ఇస్తే శుక్రవారానికి చేసి పంపిస్తాడట. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"ఏం చెప్పమంటవ్ బేటీ" అని అడిగింది.

నా ఎదురుగా కంప్యూటర్ తడిసి, చచ్చి పడుంది. నాకెక్కడి పొగరో తెలియదు.

"శుక్కురారం నాడు టీవీ పెట్టుకోని కూసోండమ్మా" అన్నాను.

ఆపా నావైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత లేచి, బురఖా వేసుకుని వెళ్ళి, కంప్యూటర్ భాయ్‌ను తీసుకొచ్చి పరదా అవతల కూర్చోబెట్టింది. కార్డు ఊడదీసి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టమన్నాడు. ప్రాసెసర్ మీద ఉన్న లోహపు దిమ్మె కింద కూడా తడి చేరి ఉండొచ్చు, అదీ విప్పి తుడిచి, మధ్యలో కొత్తగా పేస్టు పెట్టమన్నాడు. వేడిని ప్రాసెసర్ నుంచి దిమ్మెకు చేరవేసే తెల్లటి పేస్టు అది, ఇంజెక్షన్ సిరంజిలో వస్తుంది. పెసరగింజంత చాలు, ఎక్కువైతే వేడి బయటికి పోదన్నాడు. నేను సిరంజిని ఎక్కడ ఆనించాలా అని చూస్తున్నాను. ఆపా నా చేతిలోంచి సిరంజి లాక్కుని, ఒక్క ఊపిరి బిగబట్టి, మెహెందీ కోన్‌తో చుక్క పెట్టినట్టు నడిమధ్యన ఒక్క చుక్క పెట్టింది. పెసరగింజకు ఒక వెంట్రుకవాసి ఎక్కువ కాదు, తక్కువ కాదు.

ఆ సాయంత్రం మిషన్ లేచింది. మా ఇద్దరి ప్రాణాలూ లేచొచ్చాయి. కానీ పాత స్పీడులోనే నడుస్తోంది. పెంచితే మళ్ళీ ఆగిపోతోంది. గది అంత వేడిగా ఉంది మరి. ఇంజిన్ వేడికే సస్తది అన్న మా ఆయన మాట అప్పుడు చెవికెక్కింది.

గురువారం పొద్దున అన్నంలోకి తొక్కు తెద్దామని వెనక గదిలోకి వెళ్ళాను. ఆ ఇల్లు ఏ నవాబుగారి చుట్టాలు కట్టించుకున్నదో, వెనక గది గోడలు మూరెడు మందం, సున్నపు గచ్చు, కిటికీ లేదు, పైన చిన్న వెంటిలేటరు మాత్రమే. అందులో మేం మామిడికాయ తొక్కు జాడీలు పెట్టుకునేవాళ్ళం, ఎండాకాలమంతా బూజు పట్టకుండా ఉండేవి. జాడీ మూత తీస్తుంటే పాదాలకు చల్లగా తగిలింది. అరికాళ్ళతో ఆ గచ్చును కాసేపు అలాగే తొక్కుతూ నిలబడ్డాను. ఇంట్లో ఇంత చలువ పెట్టుకుని ఊరిమీద పడ్డామా అనిపించింది.

ఆపాను పిలిచాను. ఆమె చెప్పులు విప్పి లోపలికి వచ్చింది, నేల తొక్కింది, ఒక జాడీ ఎత్తుకుంది. జాడీలన్నీ వంటింట్లోకి మార్చాం. కంప్యూటర్ బల్ల బరువు మా ఇద్దరి వల్లా కాలేదు. మా ఆయన డ్యూటీకి బయల్దేరబోతూ ఆగాడు. ఆపా మానిటర్ మీద దుపట్టా కప్పింది. అయినా సరే ఆయన వెనక్కి తిరిగి, వీపు వైపు నుంచి బల్ల పట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ కంప్యూటర్‌ను తొక్కుల గదిలోకి చేర్చాడు. గుమ్మం తగిలి మోచెయ్యి గీరుకుపోయింది. టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టె పక్కన సరిచేశాడు, అది కూడా గోడవైపు చూస్తూనే. పెట్టె మీద చెయ్యి వేసి, డిపోలో ఇంజిన్ దగ్గర వింటాడే, అలా చెవి ఒగ్గి విన్నాడు.

"ఇగ పెంచు" అని చెప్పి, అలాగే వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయాడు.

పొద్దుటి కోత అయిపోయి కరెంటు రాగానే స్పీడు పెంచాను. ఈసారి ఆశపడలేదు, ఆగినచోటు కన్నా ఒక మెట్టు కిందే ఆపాను. రెండరింగ్ మొదలైంది. ఆపా తస్బీ పూసలు తిప్పుతూ జాడీలు ఉండే గూటికి ఆనుకుని కూర్చుంది. నేను మా గోల్కొండ బోనాలమ్మకు మొక్కుకున్నాను. ఇద్దరి దేవుళ్ళకూ అప్పటికి కంప్యూటర్ గురించి ఎంత తెలుసో తెలియదుగాని ఎవరూ అడ్డం రాలేదు. ఎండ మీదికొచ్చింది. బయట గల్లీలో కుక్కలు కూడా నీడలు చూసుకున్నాయి. లోపల గచ్చు చల్లగానే ఉంది, గీత సాగుతూనే ఉంది. మధ్యాహ్నపు కోత ఇంకాసేపట్లో ఉందనగా గీత చివరికంటా వెళ్ళి, అయిపోయిందని చిన్న పెట్టె కనిపించింది. ఒక డిస్కు. దాన్ని మూసి పక్కన పెట్టామో లేదో ఫ్యాను ఆగిపోయింది, కరెంటు పోయింది. నేనూ ఆపా ఆ చీకటి గదిలో పకపకా నవ్వాం. ఇంకో డిస్కు సాయంత్రం కూలర్లు మొదలయ్యేలోపు, మూడోది శుక్రవారం తెల్లవారాక పొద్దుటి కోతలోపు అయిపోయాయి. తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

శుక్రవారం నమాజు అయిపోయి, భోజనాలు మొదలయ్యే ముందు డిస్కులు పట్టుకుని వెళ్ళాం. పెళ్ళికూతురి తల్లి కవర్ తీసి వాసన చూసి, ఇదేంది, తొక్కు వాసనొస్తున్నది అంది. మిషన్ తొక్కుల గదిలో నడిచిందని చెబితే, ఆ ఒక్క మాట చాలు, జనానా అంతా నవ్వింది.

టీవీ చుట్టూ ఆడవాళ్ళు చేరారు. పిల్లలు ముందు, ముసలివాళ్ళు మంచం మీద. ఆమె మాత్రం అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర గిన్నె పట్టుకుని నిలబడింది. ఖుబూల్ దగ్గరికి వచ్చింది. పరదా ఇవతల పెళ్ళికూతురు తలొంచుకుని ఉంది. పిల్ల ఒప్పుకోలు అడగడానికొచ్చిన వకీలుసాబ్ గొంతు అవతలినుంచి అడుగుతోంది. పిల్ల పెదవులు కదిలాయి. ఆపా అక్కడ కెమెరాను ఎంత దగ్గరికి తీసుకెళ్ళిందంటే ఆ మాట చెవికన్నా ముందు కంటికే వినిపించింది. గుమ్మం దగ్గర గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. ఆమె వచ్చి అందరికన్నా ముందు, పిల్లల మధ్య, నేల మీద కూర్చుంది.

అంతలో లోపల్నించి ఎవరో అల్లుడి తరఫువాళ్ళకు మీఠా తక్కువైందని కేకేశారు. ఆమె టీవీ మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"మీరే జూస్కోండి. ఇయ్యాల నేను లేవ" అంది.

మూడు డిస్కులూ అయ్యేదాకా ఆమె లేవలేదు. ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదటిసారని ఆమె ఆడపడుచు మా చెవిలో చెప్పింది. వెళ్ళిపోయేటప్పుడు ఆమె నా రెండు చేతులూ తన కళ్ళకద్దుకుంది. అంత గర్వం నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు, దాన్ని దాచుకోవాలనీ అనిపించలేదు.

ఆ తర్వాత మా పని గురించి మేం చెప్పుకోవలసిన అవసరం రాలేదు. జుమాగీలో కూర్చున్న ఆడవాళ్ళే ఇల్లిల్లూ చెప్పుకొచ్చారు. ఇంకో ఏడాది గడిచాక ఒకరోజు మా గుమ్మం ముందు స్కూటర్ ఆగింది. స్టూడియో ఓనరు. లోపలికి రాకుండా, పరదా అవతలే నిలబడి, ఒక సంచి ముందుకు జరిపాడు. తన సొంత చెల్లెలి పెళ్ళిలో జనానా వైపు కాసెట్లు. వాళ్ళమ్మ మీ దగ్గరే చేయించాలని పట్టుబట్టిందని గొణిగాడు. తర్వాత కాస్త తడబడి, ఎవరూ చూడరు కదా అని అడిగాడు. ఆ మాటకు జవాబు ఆపాయే చెప్పింది.

"ఎవ్వరు జూడరు భాయ్. మీ దుకాన్ల గూడ" అంది.

పిల్లలూ, మీ ఫోన్లలో మా కంప్యూటర్ లాంటివి ఎన్నో ఇమిడిపోతాయని నాకు తెలుసు. వాటి స్పీడు ఎవరూ పెంచనక్కర్లేదు కూడా. కానీ ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా పైకి జరుపుకుంటూ, ఎక్కడ ఆగాలో దానినడిగే తెలుసుకుంటూ, చల్లగా చూసుకుంటూ నడిపిస్తే, ముసలి మిషన్ కూడా పెళ్ళి గుర్రంలా పరుగెడుతుంది. మనుషుల్లోనూ అలాంటివాళ్ళుంటారు, చూసుకోండి.

ఒక్కటే మిగిలిపోయింది. నాకు ఈ విద్య నేర్పిన కంప్యూటర్ భాయ్, ఆ మిషన్‌ను మోసిన మా ఆయన, ఇద్దరూ నా పనిలో ఒక్క బొమ్మ కూడా చూడలేదు. మా ఆయనకైతే ఆ అలవాటు ఒంట్లోకి ఇంకిపోయింది. ఆయన రిటైరయ్యాడు, నేనూ మానేశాను, ఆ ఇల్లు మారి ఎన్నాళ్ళో అయింది. మొన్న మనవరాలి పుట్టినరోజు వీడియో ఫోన్‌లో చూస్తూ ఆయన్ని పిలిచాను. గుమ్మం దాకా వచ్చి, గోడవైపు తిరిగి నిలబడి, "రావొచ్చా" అని అడిగాడు. రమ్మన్నాను, ఈ పక్కనే కూర్చోమన్నాను.